వియ్యపురాళ్ళ కొండదారి

ఇద్దరు వియ్యపురాళ్ళు కలిసి కొండెక్కారంటే మా గోదావరి వైపు ఎవరూ నమ్మరు. అందులోనూ పిల్లలు విడిపోయాక ఎక్కారంటే, నమ్మకపోగా ఎవరు ఎవర్ని తోసేశారని అడుగుతారు. అడిగినవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. తోసుకునే ఓపిక మాకు మిగల్లేదు, ఆ దారి అంత పొడుగుంది.

మా అమ్మాయి పెళ్ళయిన నాటినుంచి ఆవిడ నాకు వదినగారు, నేను ఆవిడకు వదినగారిని. ఆవిడది అనంతపురం జిల్లా, నాది కోనసీమ. ఇప్పుడిద్దరం కెనడాలోనే. ఆవిడ సస్కటూన్‌లో ఉంటారు, విత్తనాలు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం. తడి కాగితం మీద గింజలు పరిచి ఏవి మొలకెత్తాయో, ఏవి లేదో చూస్తూ కూర్చోవాలి. భర్త పోయి చాలా ఏళ్ళయింది. నేను విమానమెక్కితే గాని చేరలేనంత దూరంలో, స్కార్‌బరోలో ఒక బడిలో మధ్యాహ్నం పిల్లలు లంచ్ తినేటప్పుడు కాపలా కాస్తాను. ఆవిడది నోరు విప్పకుండా చేసే ఉద్యోగం, నాది అరవకుండా చేయలేని ఉద్యోగం. మా స్వభావాలు కూడా సరిగ్గా అలాగే ఉంటాయి.

మాకు స్నేహం కుదిరింది నడక దగ్గర. ఇద్దరికీ షుగరు. ఇద్దరినీ డాక్టర్లు రోజూ నడవమన్నారు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి మర్యాదకని ఫోన్ చేస్తే, ఆవిడ నది ఒడ్డున నడుస్తూ ఎత్తారు. నేనూ అప్పుడు నడుస్తూనే ఉన్నాను. మర్నాడు అదే వేళకి ఆవిడ చేశారు. అలా మొదలై ఏళ్ళ తరబడి సాగింది. చలికాలం నేను మాల్‌లో చుట్లు కొట్టేదాన్ని, ఆవిడ ఏదో ఇండోర్ ట్రాక్ మీద తిరిగేవారు. కూరల గురించి, మోకాళ్ళ గురించి, మంచులో జారని బూట్ల గురించి మాట్లాడుకునేవాళ్ళం. పిల్లల గురించి మాత్రం ఎత్తేవాళ్ళం కాదు. అది ఎవరూ చెప్పకుండానే ఇద్దరం పెట్టుకున్న కట్టుబాటు.

ఈ దేశం వచ్చాక నాకు పరిచయాలు బోలెడయ్యాయి. వాట్సాప్ గ్రూపులు, తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లు, ఆంటీ అని పిలిచే స్టూడెంట్ పిల్లలు, ఎవరికీ లోటు లేదు. స్నేహం అనదగ్గది మాత్రం ఆవిడొక్కరితోనే. అది నేను సంపాదించుకున్నది కూడా కాదు, మా అమ్మాయి పెళ్ళితో పాటు ఇంటికొచ్చింది.

కిందటి చలికాలం పిల్లలు విడిపోయారు. అరుచుకోలేదు, ఒకరి మీద ఒకరు చెప్పలేదు. "ఇట్స్ మ్యూచువల్, అమ్మా," అంది మా అమ్మాయి, కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని. కారణం అడిగితే ఆ మాటే మళ్ళీ అంది. తర్వాత కాసేపటికి నా భుజం మీద చెయ్యేసి, "యూ డోంట్ హావ్ టు టాక్ టు హర్ ఎనీమోర్," అంది. నా నెత్తిమీదనుంచి ఒక బరువు దించుతున్నాననుకుంది పాపం. పిల్ల కాపురం పోయినందుకు ఏడవాల్సిన చోట నేను నా నడకవేళ ఫోన్లు పోయినందుకు కూడా ఏడ్చాను, అది దానికి తెలీదు.

ఫోన్లు ఆగిపోయాయి. నేను చేస్తే ఆవిడ ఇబ్బంది పడతారేమోనని నేను, తను చేస్తే నాకు బాధ కలుగుతుందేమోనని ఆవిడ. మొహమాటం అనేది మన జాతికి ఎవరు అంటగట్టారో గాని, వాళ్ళు దొరికితే నాలుగు చీవాట్లు పెట్టాలని ఉంది నాకు.

అప్పటికే మా నలుగురికీ ఒక ప్రయాణం బుక్కయి ఉంది. మా ఇద్దరికీ అరవై నిండుతున్నాయని పిల్లలే వేసిన ప్లాన్ అది. బ్రిటిష్ కొలంబియాకి దక్షిణపు కొసన, ఒసోయూస్ దగ్గర, కెనడాలో ఎడారి అని చెప్పుకునే చోటు ఒకటుంది. మంచుదేశంలో ఎడారేమిటని నేనూ నవ్వాను, ఫొటోలు చూశాక ఊరుకున్నాను. ఆ ఎండు నేల మీదనుంచి కొండల మీదుగా పెద్ద ట్రెయిల్, అంటే కాలినడక దారి, పోతుంది. అందులో ఒక ముక్క, పొద్దున్నే ఈ వైపు ఎక్కితే పొద్దువాలేవేళకి ఆ వైపు దిగేది, మాకోసం ఎంచారు. పిల్లలు తమ టికెట్లు కాన్సిల్ చేసుకున్నారు. మావి ఉండిపోయాయి.

ఆగస్టులో ఒకరోజు ఆవిడే ఫోన్ చేశారు.

"వదినగారూ, ఆ టికెట్లు అట్లే ఉన్నాయి కదా."

"ఉన్నాయండీ."

"మీకు ఇబ్బందైతే కాన్సిల్ చేద్దాం."

"నాకేం ఇబ్బందండీ. మీకేమన్నా ఇబ్బందైతే చెప్పండి."

"నాకేమీ లేదు. మీరెట్లంటే అట్ల."

"మీ ఇష్టమే నా ఇష్టమండీ."

ఇద్దరిలో ఒక్కరికి 'వద్దు' అనే ధైర్యం ఉన్నా ఆ ప్రయాణం జరిగేది కాదు. లేదు కాబట్టి జరిగింది. నిజం చెప్పాలంటే నాకు వెళ్ళాలనే ఉంది. ఆవిడను ఒక్క మాట అడగాలి. ఇకమీదట మనం మాట్లాడుకుంటామా, ఇంతటితో సరేనా అని. ఫోన్లో నోరు పెగలలేదు. పక్కపక్కన నడుస్తున్నప్పుడైతే మొహాలు చూసుకోనక్కర్లేదు, అడిగెయ్యొచ్చు అనుకున్నాను.

కెలోనా ఎయిర్‌పోర్టులో ఆవిడ నాకంటే ముందే దిగి, గోడవారగా నిలబడి ఉన్నారు. చిక్కిపోయారు. ఒకరి చేతులొకరం పట్టుకుని, ప్రయాణం బాగా జరిగిందా అంటే బాగా జరిగిందా అనుకుని, అక్కడితో మాటలైపోయాయి. అద్దెకారు ఆవిడే నడిపారు. సస్కటూన్ మంచులో నడిపిన అలవాటేమో, ఆ ఎర్రటి ఎండలో కూడా రోడ్డు జారుతుందేమో అన్నట్టు జాగ్రత్తగా పోనిచ్చారు. దారిపొడుగునా సరస్సులు, ద్రాక్షతోటలు, పంజాబీ వాళ్ళ పండ్ల దుకాణాలు. మోటెల్‌కి చేరాక కిటికీ పక్క మంచం మీరు తీసుకోండంటే మీరు తీసుకోండని చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఎవరు పడుకున్నారో గుర్తులేదు, ఇద్దరికీ నిద్ర పట్టలేదని మాత్రం గుర్తుంది.

పొద్దున బయల్దేరేటప్పుడు నీళ్ళ సంగతి వచ్చింది. పిల్లలు మా ఇద్దరికీ ఒకే రకం బ్యాగులు కొన్నారు. వీపు మీద మోసుకునేవి, లోపల నీళ్ళ సంచి, దానినుంచి భుజం మీదుగా ఒక గొట్టం నోటి దగ్గరికి వస్తుంది. ఆగకుండా నడుస్తూనే చప్పరిస్తూ పోవచ్చు. ఆవిడ ఆ బ్యాగే తెచ్చుకున్నారు. నేను తేలేదు. గ్లాసుకైనా సీసాకైనా పెదవి తగలకుండా ఎత్తి పోసుకుని తాగడం మా ఇంట్లో అందరికీ చిన్నప్పటినుంచీ అలవాటు. ఈ వయసులో పాలసీసా చీకే పిల్లలా గొట్టం చీకడమేమిటని, రెండు స్టీలు సీసాలు నింపుకొచ్చాను. ఆవిడ ఆ సీసాల వైపు చూశారు, ఏదో అనబోయి తన సంచి మూత బిగించుకున్నారు.

కొండ అడుగున పాములున్నాయి జాగ్రత్త అని బోర్డు. అది దాటగానే బూడిదరంగు పొదలు మొదలయ్యాయి, మోకాలెత్తు కొన్ని, నడుమెత్తు కొన్ని, కనుచూపు మేరా అవే. ఆవిడ ఒక ఆకు తుంపి నలిపి నా ముక్కు దగ్గర పెట్టారు.

"చూడండి, ఏమి వాసనో."

మాచిపత్రి. వినాయకచవితి పూజలో మొదటి ఆకు. కెనడా వచ్చాక ఆ వాసన నేను ఎప్పుడూ చూడలేదు. నేల మీద బొప్పాయి గింజలంత రాళ్ళు, వాటి మధ్య అరచేతి కంటే చిన్న నాగజెముళ్ళు. ఆవిడ ముఖం వికసించింది.

"దీన్ని ఎడారంటారా వదినగారూ? మా ఊరి బయట దీనికంటే నాలుగాకులు తక్కువే ఉంటాయి."

నాకు మాత్రం అది ఎడారే. మా ఊళ్ళో గుమ్మం దిగితే కాలవ. బకెట్టు ముంచితే నీళ్ళు, కాలు పెడితే బురద. భూమి ఇంత పొడిగా, ఇంత నిశ్శబ్దంగా ఉండగలదని నాకు తెలీదు. అడుగు వేస్తే దుమ్ము లేచి మళ్ళీ అక్కడే కూర్చుంటోంది. పైగా ఆ దారి మెలికలు తిరిగిన ప్రతిచోటా కింద సరస్సు కనబడుతుంది, నీలంగా, నిండుగా, ఊరించడానికే పెట్టినట్టు.

ఎండ పెరిగింది. కాళ్ళు పీకడం మొదలైంది. నాకు కూర్చోవాలని ఉంది, కాని ఆవిడ నడుస్తుంటే నేనెలా కూర్చుంటాను. "మీరు అలసిపోయారేమో, ఆగుదామా?" అన్నాను. "లేదు లేదు, మీకు ఆగాలంటే ఆగుదాం," అన్నారు. "నాకేం, నేను బాగానే ఉన్నాను." ఇలా ఒకరి మీద ఒకరం పెట్టుకుని, ఆగాల్సిన చెట్టునీడలన్నీ దాటేశాం. అడగాల్సిన మాట కూడా అలాగే ప్రతి మలుపు దగ్గరా గొంతుదాకా రావడం, దిగిపోవడం.

పైన పైన్ చెట్లు మొదలైన చోట ఎట్టకేలకు కూర్చున్నాం. నేను పులిహోర, ఆవకాయ వేసి కలిపిన పెరుగన్నం తెచ్చాను. ఆవిడ వేరుశనగ ఉండలు, రొట్టెలు తెచ్చారు. పులిహోర బాగుందని ఆవిడ రెండోసారి పెట్టించుకున్నారు, నా ప్రాణం లేచొచ్చింది. తిన్నాక నేను మామూలుగా లేచి, పక్కకి వెళ్ళి, సీసా వంచి చెయ్యి శుభ్రంగా కడుక్కున్నాను. నోరు పుక్కిలించాను. గిన్నె కూడా తొలిచాను. ఆవిడ చేతివేళ్ళు ఒక తడి టిష్యూతో తుడుచుకుని, నేల మీద నేను పారబోసిన నీళ్ళ మరక కేసి చూస్తూ కూర్చున్నారు. ఆ మరక చూస్తుండగానే ఆరిపోయింది.

ఎండలో కొండ దారి పట్టిన మనిషి ఉప్పూ చింతపండూ దట్టించిన పులిహోర తిని, పైన ఆవకాయ తిని, ఉన్న నీళ్ళతో చెయ్యి కడుక్కుంటుందా? కోనసీమ మనిషైతే కడుక్కుంటుంది. ఎంగిలి చేత్తో లేవడం మా ఇంటా వంటా లేదు.

రెండో సీసా ఎప్పుడు అయిపోయిందో సరిగ్గా చెప్పలేను. కొండ నడుం దాటి, చెట్లు మళ్ళీ పల్చబడి, దారి ఎండకి ఎదురుగా తిరిగిన చోట వంచితే చుక్క రాలేదు. నాలుక పిడచకట్టుకుపోయింది. సరిగ్గా అప్పుడే ఎదురుగా నెరిసిన జుట్టు దంపతులిద్దరు వచ్చారు. పలకరింపుగా నవ్వి, మా మొహాలు చూసి, "మా దగ్గర నీళ్ళు ఎక్కువున్నాయి, కావాలా?" అని ఇంగ్లీషులో అడిగారు. అడగడమేమిటి, ఆయన సీసా బయటికి తీశాడు కూడా.

"నో, నో, వీ హావ్," అన్నాను నేను. నాతో పాటే ఆవిడా అన్నారు.

మన దగ్గరైతే రెండోసారి అడుగుతారు. మూడోసారి బలవంతపెట్టి చేతిలో పెడతారు. అప్పుడు తప్పదన్నట్టు తీసుకుంటాం. ఆయన మాత్రం నా మాట నమ్మాడు. సరే, జాగ్రత్త అని చెప్పి, సీసా లోపల పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ మనిషి వీపు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఈ దేశంలో ఇరవై ఏళ్ళ పైచిలుకు ఉన్నాను, 'వద్దు' అంటే వీళ్ళకి వద్దనే అర్థమని తెలియక కాదు. నోటికి అలవాటైపోయింది.

ఆవిడను అడగొచ్చు కదా. ఆవిడ సంచిలో నీళ్ళున్నాయి, పొద్దుటినుంచీ పిట్టలా ఇంతింత చప్పరిస్తున్నారు. కాని ఆ గొట్టం ఆవిడ నోట్లో పెట్టుకున్నది. ఎంగిలి. ఆవిడ ఎంగిలి నాకు ఇమ్మని నేను అడగలేను. అడిగితే ఇవ్వలేక ఆవిడ ఇరకాటంలో పడతారు. ఇచ్చినా, వియ్యపురాలికి ఎంగిలి నీళ్ళిచ్చానని జన్మంతా బాధపడే మనిషి. అందుకని అటు తిరిగి ఖాళీ సీసా ఎత్తాను. ఎత్తి తాగేవాళ్ళకి ఒక చిక్కుంది, ధార కనబడాలి. ఆవిడ వెనకనుంచి చూస్తే దొరికిపోతానని, సీసా మూతికి పెదవులు ఆనించి తాగుతున్నట్టు నటించాను.

ఇంకొంచెం నడిచాను. రాళ్ళు రెండు రెండుగా కనబడ్డాయి. కళ్ళు తిరిగి, కూర్చోవడానికి చోటు చూసుకోకుండానే కూర్చుండిపోయాను.

ఆవిడ వచ్చి నా చేతిలోంచి సీసా లాక్కుని వంచారు. ఏమీ రాలేదు. రెండోది వంచారు.

"ఏం మనిషివి నువ్వు?" అన్నారు.

అన్నేళ్ళలో ఆవిడ నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. గొంతు పెంచడం కూడా.

"నీళ్ళు లేవని చెప్పేకేమి నీకు? నోరు పడిపోయిందా? ఫోన్లో ఆపకుండా మాట్లాడ్తావు కదా. మూతి ఆనించి తాగినప్పుడే అనుకుంటి, ఈమె మూతి ఆనించి తాగే మనిషి కాదే అని. పట్టు, ఇది పట్టు నోట్లో."

గొట్టం నా మొహం ముందు పెట్టారు.

"అది మీ..."

"నా ఎంగిలే. అయితే యేమి? సచ్చిపోతావా? తాగకుంటే సచ్చేది."

తాగాను. రబ్బరు రుచి, గోరువెచ్చని నీళ్ళు. నోరు నిండగానే కళ్ళల్లోంచి కూడా నీళ్ళొచ్చాయి. మెల్లగా తాగు, ఆగి తాగు అని నా తల మీద తన టోపీ కూడా పెట్టింది. అప్పటినుంచి నా మనసులో ఆవిడ 'అన్నారు' మనిషి కాదు, 'అంది' మనిషే. తన చున్నీ తడిపి నా మెడ మీద వేసి, ఎండ నా మీద పడకుండా అడ్డంగా నిలబడింది. పొట్టి మనిషి, నీడ కూడా చిన్నదే. అది సరిగ్గా నా మొహానికి సరిపోయింది.

కాస్త తేరుకున్నాక పక్కన కూలబడింది.

"తప్పు నాది కూడా ఉంది," అంది. "నువ్వు చెయ్యి కడిగేటప్పుడే చెప్పాల్సింది. మా ఊర్లో నీళ్ళను అట్ల పారబోస్తే చంటిపిల్లకు కూడా దెబ్బలు పడతాయి. నువ్వేమో వియ్యపురాలివి. ఏమనుకుంటావోనని నోరు మూసుకుంటి."

"నేనింక వియ్యపురాల్ని కాను కదా," అన్నాను.

అనుకుని అన్న మాట కాదు. నీరసంలో అడ్డు లేకుండా వచ్చేసింది. పొద్దుటినుంచీ గొంతులో పెట్టుకు తిరుగుతున్నది అదే.

ఆవిడ సరస్సు వైపు తిరిగింది. "అది చెప్దామనే వచ్చినా," అంది. "మావాడు ఇంకొక అమ్మాయిని చూసుకున్నాడు. మంచి పిల్లే. వచ్చే ఏడు సస్కటూన్‌లోనే పెళ్ళి అంటున్నాడు. ఎవరో ఒకరు నీకు చెప్పేకి ముందే నేనే చెప్పాలని. ఫోన్లో చెప్పలేకపోతిని."

మెడ మీది తడి చున్నీ తీసి చేతిలో పట్టుకున్నాను. "మా అమ్మాయికి తెలుసా?"

"తెలుసంట. వాడే చెప్పినాడు."

తెలిసీ నాకు చెప్పలేదన్న మాట, నేను బాధపడతానని. ఈ మొహమాటం దానికి ఎక్కడినుంచి వచ్చిందో నేను వేరే వెతకనక్కర్లేదు. మా ఇంటికి తిరిగొచ్చాక దాని గదిలో లైటు పొద్దుపోయేదాకా వెలుగుతూ ఉన్న రోజులు, అడిగితే ఆఫీసు పని అన్న రోజులు గుర్తొచ్చాయి. వెంటనే దాన్ని దగ్గరికి తీసుకోవాలనిపించింది. అది అయిదు గంటల విమాన దూరంలో ఉంది. ఇక్కడున్నది ఈవిడ. ఈవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. ముక్కు మీద కోపం అంటారు నన్ను అందరూ, ఆ కోపం ఆ వేళ ఎంత పిలిచినా రాలేదు. దానికి బదులు ఇంకొకటి వచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గుపడేది.

"ఆ పిల్లకి అమ్మ ఉందా?" అన్నాను.

"ఉంది. కాల్గరీలో."

"ఆవిడకి షుగరుందా?"

ఆవిడ నా వైపు తిరిగింది. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు మొదలైంది. నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుంది, నవ్వు కాస్తా ఏడుపైంది, చెంపలు తుడుచుకోకుండా నా మోకాలు పట్టుకుంది.

"షుగరుంటే నాకేమి, లేకుంటే నాకేమి. ఆమె నాకు మర్యాదల మనిషి అవుతుంది, అంతే. నీ ఫోన్ రాక నేను నది కాడికి పోయేదే మానేస్తిని. డాక్టరు తిడుతున్నాడు."

"మీరు చెయ్యొచ్చు కదా."

"నువ్వు చెయ్యొచ్చు కదా."

ఇద్దరం ఆ ఎండలో కొండ మీద కూర్చుని ఒకరినొకరం తిట్టుకున్నాం. నాకు అంత హాయైన తిట్లు మా అమ్మ పోయాక ఎవరూ పెట్టలేదు. తర్వాత లేచి, గొట్టం అటూ ఇటూ అందించుకుంటూ, చెట్టు కనబడితే చెట్టు కింద ఆగుతూ, దిగడం మొదలుపెట్టాం. అడగాల్సిన మాటకి జవాబు దొరికినట్టే అనుకున్నాను.

అంతటితో అయిపోలేదు. దిగుడు దారి సగం అయ్యాక ఆవిడ నడక మందగించింది. మోకాలు నొప్పేమోనని ఆగాను. మోకాలు కాదు.

"ఆ పెళ్ళి రోజు నేనొక్కదాన్నే ఎట్ల పోవాల?" అంది, నేల చూస్తూ. "మొదటి పెళ్ళప్పుడు ఆయన లేకపోయినా, పక్కన నువ్వుంటివి. అందరి ముందూ నన్ను చెయ్యి పట్టుకుని నడిపిస్తివి. ఈసారి తెల్లారి లేచి, తయారై, ఇంటికి తాళమేసి పోవాల. పెళ్ళి చూసుకుని మళ్ళా తాళం తీసుకుని లోపలికి రావాల. దానికే భయమైతాంది నాకు."

నేను ఆవిడ వైపు తిరిగాను.

"నిన్ను రమ్మని అడగడం లేదు," అంది. "అడగకూడదు. ఊరికే చెప్తాండా."

నాకు ఒళ్ళు మండిపోయింది. మా అమ్మాయి కూర్చున్న చోట ఇంకో అమ్మాయి కూర్చుంటే, ఆ పందిట్లో నేను ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? అడగనంటూనే అడిగినట్టు కాదా అది? విసవిసా ముందుకి నడిచాను. వెనక ఆవిడ బూట్ల చప్పుడు, అదే వేగంతో, తొందరపడకుండా, ఆగిపోకుండా వస్తోంది. నేను తిరిగి చూడలేదు. మెలిక తర్వాత మెలిక దిగాను. మోటెల్ ఆయన వ్యాన్ తీసుకొస్తానన్న రోడ్డు కింద సన్నగా కనబడింది. నీడలు పొడుగవుతున్నాయి, పొదల బూడిదరంగు మీద కాస్త పసుపు పడింది.

తాళం తీసుకుని లోపలికి రావాల అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయి ఉంది. ఆ పెళ్ళి నేను భరించలేనిది. ఆ తాళం ఆవిడ భరించలేనిది. ఆవిడది తేలిక అని నేను అనలేకపోయాను, నాది తేలిక అని ఆవిడా అనలేదు.

ఒక రాయి మీద కూర్చుని ఆవిడ వచ్చేదాకా ఆగాను. వచ్చింది. నిలబడింది.

"పెళ్ళికి రాను," అన్నాను. "అది నావల్ల కాదు. నువ్వు అడిగినా రాను."

"రావద్దు," అంది.

"ముందురోజు సస్కటూన్ వస్తాను. తెల్లారి నీకు చీర కుచ్చిళ్ళు సర్ది, వెనక పిన్నీసు పెట్టి పంపిస్తాను. తాళం వెయ్యక్కర్లేదు, నేను లోపలే ఉంటాను. నువ్వు వచ్చేసరికి ఇంత అన్నం వండి ఉంచుతాను. ఆ హాళ్ళలో నువ్వేం తింటావు గనక."

ఆవిడ నా దగ్గరికి వచ్చింది. చెయ్యి చాపి నా టోపీ, అంటే తన టోపీయే, నా తల మీద సరిచేసింది.

"మీ అమ్మాయి ఏమనుకుంటుంది?" అంది.

"కోప్పడుతుంది. చెప్పే వస్తాను. కోప్పడి, ఏడ్చి, తర్వాత అర్థం చేసుకుంటుంది. లేదంటే లేదు. నేను దాని అమ్మని, ఎంత కోపమొచ్చినా అది నన్ను మార్చుకోలేదు. నీకు ఇంకెవరున్నారు?"

రోడ్డు మీద వ్యాన్ వచ్చి ఆగింది. మోటెల్ ఆయన దిగి, మమ్మల్ని చూసి చెయ్యూపాడు. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, దిగుడు కదా, రాళ్ళు జారతాయని. ఇద్దరం పక్కకి తిరిగి, పిల్లలు మెట్లు దిగినట్టు ఒక్కొక్క అడుగే వేసుకుంటూ దిగాం.

"నేను అటు పోతూనే నువ్వు ఆ ఇంట్లో ఒక్కదానివే కూర్చుని ఏడుస్తావు," అంది.

"ఏడుస్తాను," అన్నాను. "నువ్వొచ్చే వేళకి మొహం కడుక్కుని తలుపు తీస్తాలే."

ఆవిడ ఆగింది. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

"కడుక్కోవద్దు," అంది. "నేనొచ్చేదాకా అట్లనే ఉండు."